పటమును చూచి పలుకవలసిన మాట

అమెరికాలోని తెలుగు సంఘముల ఛాయాచిత్ర ప్రదర్శనలకు న్యాయనిర్ణేతలైన పెద్దలకు బహిరంగ లేఖ



బతుకమ్మకు, దీపావళికి, సంక్రాంతికి, ఉగాదికి, రెండేండ్ల కొకసారి జరిగెడి మహాసభలకు ఈ దేశమందలి మన సంఘములు ఏర్పాటు చేయుచున్న ఛాయాచిత్ర ప్రదర్శనలు ఏటేట పెరుగుచున్నవి. 1977లో న్యూయార్కునందు ఉత్తర అమెరికా తెలుగువారు తొలిసారి మహాసభగా కూడిననాడు కెమేరా ఏ కొందరి మెడలోనో వ్రేలాడెడి వస్తువు. నేడది ప్రతి జేబులోను ఉన్నది. తీయువారు వేలకు వేలైనారు. తీసిన పటమును ఆసాంతము చూచి, తీసినవారి చేయి మరుసారికి మరికొంత తిరుగునట్లు నాలుగు మాటలు చెప్పగలవారు మాత్రము ఆ లెక్కన పెరుగలేదు. ఆ బాధ్యతను పదిమంది యెదుట స్వీకరించి న్యాయనిర్ణేతల కుర్చీలలో కూర్చుండువారు మీరు గనుక ఈ విన్నపమును మీకే చేసికొనుచున్నాను.

మన ఇండ్లలో పటము చూచు పద్ధతి యొకటి కలదు. పటము చేతికందగానే మన చూపు పోవునది అందులోని మనుష్యులమీదికి. పిల్ల చిక్కిపోయినదనియు, వదినగారు నవ్వలేదనియు, పెద్దాయన ప్రక్కన చిన్నల్లుడు కనబడడేమనియు, ఆ చీర ఊరినుండి తెచ్చినదా ఇక్కడ కొన్నదా యనియు మాటలు సాగిపోవును. ఇది ప్రేమ, దీనిని నేను తక్కువ చేయను. కాని ఈ ప్రేమకు అలవాటుపడిన మనము, అదే పటము ప్రదర్శనశాల గోడ కెక్కినప్పుడు ఏమి చెప్పవలెనో తోచక, చాల బాగున్నదని భుజము తట్టి తప్పించుకొనుచున్నాము. లేదా కెమేరా క్లబ్బుల రీతిని పదింటికి ఇన్ని యని అంకె వేసి, దిగంతరేఖ ఒరిగినదనియు, మూలన వెలుగు మిగిలినదనియు, ఫ్రేమును మూడు పాళ్లుగా విభజించు నియమము పాటింపబడలేదనియు తప్పులెంచి పంపివేయుచున్నాము. పొగడ్తవలన తీసినవారికి సంతోషము కలుగును గాని విద్య కలుగదు. అంకెవలన నియమము తెలియును గాని తమ పటము చూచువారి మనస్సులో ఏమి చేసినదో తెలియదు. రెండు సందర్భములందును ఆ పటమును నిదానముగా చూచినవారు లేరు.

పదవ శతాబ్దమువాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో, రచించువానికి కారయిత్రి యను ప్రతిభ ఎట్లు కావలెనో, ఆస్వాదించువానికి భావయిత్రి యను వేరొక ప్రతిభ అట్లే కావలెనని చెప్పి, భావకులను నాలుగు తెగలుగా చూపెను. ఏదియు రుచింపని అరోచకి యొకడు; మెతుకును గడ్డిపోచను వేరుచేయక అన్నియు మ్రింగెడి సతృణాభ్యవహారి యొకడు; పరుల గుణము కంటబడిన సహింపలేని మత్సరి యొకడు; కృతి యొక్క మర్మమునందు మనస్సు నిలిపి వెదకెడి తత్త్వాభినివేశి యొకడు, వాడు వేయిమందిలో నొకడు. వెయ్యేండ్ల క్రిందటి ఈ విభాగమును మన ప్రదర్శనశాలలలో ఒక సాయంకాలము నిలుచున్నవారెవరైనను పోల్చుకొనగలరు. మత్సరులు మనలో తక్కువయే యని నా నమ్మకము. అరోచకులును కొద్దిమందియే. అన్నిటిని సమముగా మెచ్చుకొనువారే ఎక్కువ, వారందరును మంచివారు. అయినను నేర్చుకొనగోరిన పిల్లవానికి వారి మంచితనము ఎందుకును కొరగాదు.

ఒక పటమును మీ కండ్లయెదుట పెట్టనిండు. న్యూజెర్సీలో ఒక సంఘమువారి ప్రదర్శనలో దానిని చూచితిని. సంఘము పేరుగాని, తీసిన యువతి పేరుగాని ఇక్కడ అప్రస్తుతము. పాఠశాలలోని బాస్కెట్‌బాల్ ఆటశాలలో బతుకమ్మ ఆడుచున్నారు. తంగేడు, గునుగు వారికి దొరకలేదు గనుక చామంతులతో, బంతులతో, దుకాణములో కట్టలుగా అమ్మెడి కార్నేషన్లతో బతుకమ్మను పేర్చినారు. మెరుగు పెట్టిన కొయ్యనేలమీద ఆటకై గీచిన గీతలు వంపులు తిరిగి ఆ పూలచుట్టు ఆడువారి అడుగులతో కలిసిపోవుచున్నవి. స్త్రీలు వంగి చప్పట్లు చరచుచున్నారు. ముఖములు నిలుకడగా నున్నవి, చేతులు మాత్రము చెదరి తెల్లని రెక్కలవలె కనబడుచున్నవి. పైన బంతి వేసెడి వలయము. దాని వెనుక తలుపుమీద ఎర్రని అక్షరములతో ఎగ్జిట్ అను బోర్డు. ఆ ఎరుపు నున్నని నేలమీద సన్నని చారయై జారివచ్చి బతుకమ్మ పాదముకడ ఆగినది.

న్యాయనిర్ణేత యొకరు ఆ పటము ఎదుట అర నిమిషము నిలిచి మూడు మాటలు చెప్పిరి. ఎర్ర బోర్డు కన్నును లాగివేయుచున్నది, దానిని తుడిచివేయవలసినది, ట్యూబులైట్ల వెలుగు పచ్చగా పడినది, చేతులు చెదరినవి. అంకె వేసి ప్రక్క పటమునకు పోయిరి. ఆ యువతి తల యూపి ఊరకున్నది.

ఆ మూడింటిలో ఏ యొక్కటియు అసత్యము కాదు. ఎరుపు కన్నును లాగుచున్న మాట నిజమే. అయితే కన్ను అక్కడికి పోయి ఏమి తెలిసికొని తిరిగివచ్చుచున్నది? ఇది అద్దెకు తీసికొన్న చోటనియు, గంటల లెక్కన దొరకిన చోటనియు, చెరువుగట్టున ముగియవలసిన ఆట ఇక్కడ తలుపు దాటి చలిలోనికి పోయి ముగియుననియు ఆ బోర్డు చెప్పుచున్నది. దానిని తుడిచిన నేలమీది ఎర్రచారయు పోవును, ఆ చారతో పూలకును తలుపునకును గల సంబంధమును పోవును. మిగులునది ఏ ఊరిదో తెలియని ఒక హాలు, అందులో చీరలు కట్టినవారు. రెండవ మాట సరియైన మాట. ట్యూబులైట్ల పచ్చదనమువలన చామంతుల పసుపు రోగపు రంగు పట్టినది, ముఖములు వాడినవి; కాని ఆ మాట చెప్పి ఊరకొనక, ఆట మొదలగుటకు ముందే ఆ దీపములక్రింద ఒక తెల్లకాగితమును పెట్టి, అది తెల్లగా కనబడువరకు కెమేరాలో రంగు సరిచేసికొనుమని ఇంకొక వాక్యము చెప్పియుండిన, ఆ యువతి వచ్చే ఏటి పండుగకు ఆ తప్పు చేయదు. మూడవదానికి తీర్పు అక్కరలేదు, ప్రశ్న కావలెను: అమ్మా, ఈ చేతులు కావలెనని చెదరనిచ్చితివా, వెలుగు చాలక చెదరినవా? కావలెనని చేసినదైన అది ఆ పటమునందలి గొప్ప సొగసు. చాలక జరిగినదైన షట్టరు వేగమును గురించి చెప్పవలసిన పాఠమున్నది. ఆ ప్రశ్నను అడిగినవారు లేరు.

నేను మీకు చేయు విన్నపమంతయు ఈ పటములోనే యున్నది. పటము తీసినవారు ఏమి చెప్పదలచిరో మొదట కనుగొని, లోపమును ఆ ఉద్దేశముతో ముడిపెట్టి, చేతితో చేయదగిన ఉపాయముతో సహా చెప్పుడు.

ఈ దేశపు చరిత్రలోనే ఇందుకు దృష్టాంతము దొరకును. ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903లో కెమేరా వర్క్ అను పత్రికను స్థాపించి, 1905లో న్యూయార్కు ఫిఫ్త్ ఎవెన్యూ మీద 291వ నంబరు ఇంటిలో చిన్న చిత్రశాలను తెరచెను. కర్మాగారములలో పనిచేయు పసిపిల్లల పటములు తీసి ఈ దేశపు అంతరాత్మను కదిలించిన లూయిస్ హైన్ ఆ దినములలో ఎథికల్ కల్చర్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన తన శిష్యులను ఆ చిత్రశాలకు తీసికొనిపోగా, వారిలో పాల్ స్ట్రాండ్ అను బాలుడు తానును ఛాయాచిత్రకారుడనే కావలెనని నిశ్చయించుకొని, తరువాతి ఏండ్లలో తన పటములు చేతబట్టుకొని స్టీగ్లిట్జ్ వద్దకు పోవుచుండెను. ఆనాటి వాడుకనుబట్టి స్ట్రాండ్ మెత్తని ఫోకసునిచ్చు లెన్సుతో, లోకమంతయు పలుచని పొగమంచులో మునిగినట్లు తీయుచుండెను. స్టీగ్లిట్జ్ వానిని చూచి, ఈ లెన్సువలన నీ పటములోని వస్తువులన్నియు ఒకే పదార్థముతో చేసినట్లయినవనియు, గడ్డి నీటివలెనున్నదనియు, నీరు చెట్టుబెరడువలెనున్నదనియు, ఒక్కొక్క వస్తువునకు సహజమైన గుణము నశించినదనియు తోచునట్లు చెప్పి, లెన్సు రంధ్రమును చిన్నది చేసి తీయుమని ఉపాయమును సూచించెనట. స్ట్రాండ్ ఎన్నో ఏండ్ల తరువాత కూడ ఈ సంగతిని తలచుకొని చెప్పెను.

ఆ విమర్శలోని కూర్పును గమనింపుడు. నీకు ప్రతిభ లేదని ఆయన అనలేదు. మెత్తని ఫోకసు పాతబడినదనియు అనలేదు; అనియున్నచో అది అభిరుచి కలహమై యుండును, యువకుడు వాదమునకు దిగియుండును. ఆయన వ్రేలు పెట్టి చూపినది గడ్డిని, నీటిని, బెరడును. అవి పటములో ఉన్నవి, కాదనుటకు వీలులేదు. చూపినపిమ్మట వెంటనే ఏమి చేయవలెనో చెప్పెను, అదియు ఇంటికి పోయి ఆ సాయంకాలమే చేసి చూడదగిన పని. స్టీగ్లిట్జ్ మృదుభాషి కాడు. ఆయన మాటకు నొచ్చుకొని దూరమైన మిత్రులు చాలమంది యుండిరి. అయినను ఈ ఒక్క సందర్భమున ఆయన పలుకు ఎంత సూటిగా పనిచేసినదో చూడుడు. 1915లో స్ట్రాండ్ వాల్ స్ట్రీట్ అను పటము తీసెను: మోర్గన్ బ్యాంకువారి భవనపు కిటికీల పెద్దపెద్ద నల్లని దీర్ఘచతురస్రముల క్రింద, ఏటవాలు ఎండలో పొడవైన నీడలు ఈడ్చుకొనుచు చీమలవలె నడచిపోవు మనుష్యులు. 1916లో స్టీగ్లిట్జ్ వాని పటములను తన చిత్రశాలలో ప్రదర్శించెను. 1917 జూన్ నెలలో వెలువడిన కెమేరా వర్క్ కడపటి సంచికలోని పటములన్నియు స్ట్రాండ్‌వే. తప్పు చూపినవాడే తరువాత తన చిత్రశాల తలుపు తెరచెను. చూపుటలోని నిజాయితీకి అంతకంటె సాక్ష్యమేమి కావలెను?

దీనికి విరుద్ధమైన దృష్టాంతము కూడ ఈ దేశముదే. మహామాంద్యపు దినములలో, 1935 మొదలు, గ్రామీణుల కష్టములను పటములలో నమోదు చేయుటకు వాషింగ్టనులో ఏర్పడిన ప్రభుత్వ విభాగమునకు రాయ్ స్ట్రైకర్ అధిపతి. వాకర్ ఎవాన్స్, డొరోతియా లాంగ్, బెన్ షాన్, ఆర్థర్ రోత్‌స్టీన్ వంటివారు ఆయన క్రింద పనిచేసిరి. ఆయన తన ఛాయాచిత్రకారులకు దీర్ఘమైన లేఖలు వ్రాసి, ఏ యూర ఏమి చూడవలెనో, రైతుల పొలములలో, వంటయిండ్లలో, అంగళ్లలో ఏమి వెదకవలెనో సూచించిన దొడ్డవాడు. అట్టివాడు తన కక్కరలేదని తోచిన నెగెటివులకు కొన్నేండ్లపాటు కాగితములకు చిల్లులు వేయు పనిముట్టుతో చిల్లు పొడిపించుచుండెను. తీసినవారు ఎంతయో బాధపడిరి. ఆ నెగెటివులు నేడును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో నున్నవి. అచ్చువేసినచో పొలము నడుమనో, కాపు ముఖము మీదనో నల్లని గుండ్రని మచ్చ పడును. ఎందుకు వద్దో ఆ మచ్చ చెప్పదు. ఆ చిల్లును తలచుకొనినప్పుడెల్ల, కారణము వ్రాయక మనము తిప్పిపంపిన పటములు నాకు జ్ఞప్తికి వచ్చును.

ఆ స్ట్రైకర్‌కే బెన్ షాన్ చెప్పిన మాట యొకటి కలదు. నేల కోసుకొనిపోయిన పొలముల పటములను చూచి షాన్, ఈ నేలను చూపి నీవెవరిని కదిలింపలేవనియు, ఈ నేల ఇట్లగుటవలన ఆకటికి మాడిన పిల్లవానిని చూపినగాని జనులు కదలరనియు బోధించెనట. అధికారికి ఉద్యోగి చెప్పిన విమర్శ అది. పటములోని వెలుగును గాని కూర్పును గాని ఆయన తప్పుపట్టలేదు. ఈ పటములు దేనికొరకు తీయుచున్నామో ఆ ప్రయోజనమును గుర్తుచేసెను.

లాంగ్ తీసిన వలసతల్లి పటము మీరందరును ఎరిగినదే. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోతకు వచ్చిన కూలీల మకాములో తీసినది. దానిలో కుడివైపు అడుగున డేరా గుంజను పట్టుకొన్న బొటనవ్రేలొకటి ఉండెను. కొన్నేండ్లకు లాంగ్ ఆ వ్రేలు దృష్టిని చెదరగొట్టుచున్నదని నెగెటివుమీద దానిని మాపించెను. సాక్ష్యమును దిద్దరాదని స్ట్రైకర్ అసమ్మతి తెలిపెను. ఒకే వ్రేలిని గురించి, ఒకే పటమును ప్రాణసమముగా ప్రేమించిన ఇద్దరు సమర్థులు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. ఇక బతుకమ్మ పటములోని ఎర్రబోర్డు విషయమున మనలో నొకరు అర నిమిషములో తీర్పు చెప్పుట ఎట్లు పొసగును? తుడుచుమని సలహా చెప్పవచ్చును. అది నా కెందుకు అడ్డముగా తోచుచున్నదో కూడ చెప్పి, ఉంచుటయో తీయుటయో తీసినవారి చేతికి విడిచిపెట్టవలెను.

నియమములతోనే చూచువారికి ఎంత గొప్ప వస్తువైనను కనబడకపోవుటకు రాబర్ట్ ఫ్రాంక్ చరిత్ర చాలును. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఈ దేశమునకు వచ్చిన ఈయనకు, వాకర్ ఎవాన్స్ ప్రోత్సాహముతో, 1955లో గుగెన్‌హైమ్ సంస్థవారి ఆర్థిక సహాయము లభించెను. పాత కారులో దేశమంతయు తిరిగి, ఇరువదియేడు వేలకు పైబడిన ఫ్రేములు తీసి, అందులో 83 మాత్రమే ఏరి ది అమెరికన్స్ అను పుస్తకము కూర్చెను. అది 1958లో పారిసునందును, 1959లో ఇక్కడను వెలువడగా, ఒక ప్రసిద్ధ ఛాయాచిత్ర మాసపత్రికలోని సమీక్షకులు పలువురు పటములు మసకబారినవనియు, రేఖలు ఒరిగినవనియు, ఇది అశ్రద్ధయనియు, ఈ దేశముపై ద్వేషమనియు నిందించిరి. వారు చెప్పిన ఒరుగుటయు నిజమే, మసకయు నిజమే. ఒక పరదేశి ఈ దేశమును ప్రక్కనుండి, కారు కిటికీలోనుండి, ఎవరును పలుకరింపని హోటలు మూలనుండి చూచినప్పుడు దిగంతము ఒరిగియే కనబడునేమో యని వారిలో ఎక్కువమందికి తోచకపోయెను. వలసవచ్చిన మనకు ఆ సంగతి వారికంటె బాగుగా తెలియవలెను. అందుచేతనే, మన పిల్లలలో నొకడు ఒరిగిన పటము తెచ్చినప్పుడు, దానిని నిలువుగా దిద్దుటకు ముందు ఒక్క నిమిషము ఆగుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.

ఇట్లనుటవలన సాంకేతిక దోషములను చూచి చూడనట్లు ఊరకొనుడని నా యభిప్రాయము కాదు. దోషము చెప్పుటలో నిదానమెట్లుండవలెనో మన యిండ్లలో తరచు కనబడెడి పటముతోనే చూపెదను. మూడు నెలలకని వచ్చిన అమ్మమ్మ తొలిసారి మంచు కురియుట చూచి వాకిట నిలిచినది. నేతచీర, దానిమీద అల్లుని కోటు, కాళ్లకు మనుమరాలి బూట్లు. అరచేయి చాపి మంచు పట్టుకొనుచున్నది. పటములో మంచు బూడిదరంగున వచ్చినది, ముఖము చీకటిలో పడినది. అండర్ ఎక్స్‌పోజరని ఒక్కమాట వ్రాసి పంపవచ్చును. దానివలన ఆ మనుమరాలికి తన ఫోను చెడిపోయినదని మాత్రమే తోచును. కెమేరాలోని వెలుగు కొలతకు మంచని, బొగ్గని భేదము తెలియదనియు, తన యెదుట ఏది యున్నను దానిని నడిమి బూడిదరంగునకు తెచ్చునట్లు అది నిర్మింపబడినదనియు, కనుకనే తెల్లని మంచును అది చీకటిచేసినదనియు చెప్పినయెడల ఆమెకు జీవితకాలమునకు సరిపడు పాఠము దొరకును. 1940 ప్రాంతమున లాస్ ఏంజెలెస్‌లో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ పద్ధతిలో కటిక నలుపు మొదలు శుద్ధమైన తెలుపు వరకు పదునొకండు మెట్లు కలవు. సున్నతో మొదలు లెక్కించిన కొలత చూపునది ఐదవ మెట్టు, మంచు ఉండవలసినది ఏడు ఎనిమిది మెట్ల యొద్ద. కావున మంచులో తీయునప్పుడు రెండు మెట్ల వెలుగు ఎక్కువ ఇమ్మనియు, ఫోనుతోనైన అమ్మమ్మ ముఖముమీద వ్రేలు నొక్కి వెలుగును పైకి జరుపుమనియు చెప్పవలెను. చెప్పుటకు ముందు, ఆ చాపిన అరచేతిని తాము చూచితిమనియు, చూచి తమ మనస్సు కరగినదనియు చెప్పుట మరువరాదు. పటమునకు ప్రాణము ఆ చేతిలో నున్నది.

ముఖము నల్లగా వచ్చినదను మాటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన సభలలో ఈ మాట సహజముగా నోటికి వచ్చును. దానిలో రెండర్థములు కలిసియుండును. వెలుగు చాలక ముఖరేఖలు తెలియకపోవుట దోషము. మనిషి మేనిచాయ నలుపగుట దోషము కాదు. ఈ దేశపు రంగు ఫిల్ముల చరిత్రలో చిరకాలము, కోడాక్ వారు అచ్చులు సరిచూచుకొనుటకు పంపెడి షర్లీ కార్డులమీద ఉండునది తెల్లని మేనుగల యువతి బొమ్మయే. అందరి చాయలకును చోటిచ్చిన కార్డులు 1990లకుగాని రాలేదు. ఆ కొలబద్దను మనమింకను మోయనక్కరలేదు. ఒక యువకుడు తన తండ్రి నల్లని ముఖమును కిటికీ వెలుగులో, నుదుటి ముడుతలు లెక్కపెట్టదగినంత స్పష్టముగా తీసి తెచ్చినప్పుడు, కొంచెము తెల్లగా దిద్దియుండవలసినదని సలహా చెప్పుట నేను విన్నాను. ఆ సలహా విమర్శ కాదు. అట్టిదానిని మీ తోటి న్యాయనిర్ణేత చెప్పినను అక్కడికక్కడే ఖండింపుడు.

ఇక మాటల వరుస. ఎవరు ముందు మాటాడవలెను, ఏది ముందు చెప్పవలెను అను విషయమును నృత్యరచయిత్రి లిజ్ లెర్మన్ 1990లో ఒక క్రమముగా రూపొందించినది. నాట్యమునకై పుట్టినను అది ఇతర కళలవారికిని ఉపయోగపడుచున్నది. మొదట చూచినవారు తమకేది అర్థవంతముగా, జ్ఞాపకముండునట్లుగా తోచినదో చెప్పవలెను. పిమ్మట కృతికర్త తనకు సందేహమున్నచోట తానే ప్రశ్నలడుగును. ఆ తరువాత చూచినవారు అడుగుదురు గాని, తీర్పును ప్రశ్నలో దాచి అడుగరాదు. నేపథ్యము ఎందుకింత గజిబిజిగా నున్నదని కాక, నేపథ్యమును ఎట్లు ఎన్నుకొంటివని అడుగవలెను. కడపట, ఈ విషయమున నాకొక అభిప్రాయమున్నది, వినగోరుదువా యని అనుమతి పుచ్చుకొని చెప్పవలెను. వలదనుటకు కృతికర్తకు హక్కుండును. అనుమతి యడుగుట మొదట మనకు కృతకముగా తోచును. పెద్దవారు చిన్నవారిని అడుగుటేమిటని కొందరనవచ్చును. కాని విన గోరినవానికి చెప్పిన మాట చెవిలో నిలుచును, వినగోరనివానికి చెప్పినది నిలువదు. పెద్దరికమునకు దీనివలన వచ్చు లోటేమియు లేదు.

మసాచుసెట్స్‌లోని ఎమ్.ఐ.టి.లో 1965 మొదలు బోధించిన మైనర్ వైట్ తన శిష్యులను, మాట యాడుటకు ముందు శరీరమును మనస్సును శాంతపరచుకొని ఒకే పటము ఎదుట చాలసేపు కూర్చుండుమని శాసించెడివాడు. ఆ సాధన అంతయు మన సభలలో కుదరదు. కాని కొంతయైన కుదురును. ఒక్కొక్కరినుండి అయిదారు పటములు పుచ్చుకొనుటకు మారు ఒక్కటే పుచ్చుకొనిన, గోడమీద పటములు తగ్గును, మీకు వేళ చిక్కును. బహుమతి పొందని పటములకే ముందుగా మూడు వాక్యములు వ్రాసి ఇండు: చూచినదేమి, అడుగదలచినదేమి, మరుసారి చేసి చూడదగిన పని యేమి. పదేండ్ల పిల్లలు తెచ్చిన పటములను పెద్దవారి వరుసలో పెట్టి అంకెలు వేయకుడు. వారి ప్రక్కన మోకాళ్లమీద కూర్చుండి ఆ పటమును వారిచేతనే చెప్పింపుడు. తల్లిదండ్రులు ప్రక్కనుండి జవాబు చెప్పబోయిన మృదువుగా వారింపుడు. తీవ్రమైన లోపము చెప్పవలసివచ్చిన మైకులో చెప్పక, తీసినవారిని ప్రక్కకు పిలిచి చెప్పుడు.

ఈ పని మీరే చేయవలెననుటకు కారణము చెప్పెదను. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు మన హైదరాబాదునుండి నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ పటములు సముద్రములు దాటి వచ్చి బహుమానము నందుకొనినవి. గాజుపలకలమీద తీసిన ఆ పటములను ఈ దేశమున పరదేశులు తూచి విలువ కట్టిరి. నేడు మన పటములను మన భాషలో, మన పండుగల మర్మము తెలిసిన కండ్లతో చూచి చెప్పుటకు ఈ దేశముననే మీరున్నారు. బతుకమ్మ పాదముకడ ఆగిన ఎర్రచారను గుర్తింపగలిగినవారు మీరు. వేరొక న్యాయనిర్ణేత, ఎంత నిపుణుడైనను, అది తెలిసికొనుటకు ముందు బతుకమ్మ యన నేమో తెలిసికొనవలసియుండును.

పటమునకు మూడేసి వాక్యములు వ్రాయుట స్వచ్ఛందముగా వచ్చెడి మీకు భారమగునని నాకు తెలియును. ఉద్యోగములు, పిల్లల చదువులు, వారాంతములో సగము కారు ప్రయాణములు. అందుకే ఒక సూచన చేసి ముగించెదను. ప్రతి ఊరను నావంటి విశ్రాంత ఉద్యోగులు, మనుమల కొరకు వచ్చి సాయంకాలములు తోచక కూర్చున్నవారు ఉన్నారు. తెలుగు చక్కగా వ్రాయగలరు. మీరు పటము ఎదుట నిలిచి నోటితో చెప్పుడు, మేము ప్రక్కన కుర్చీ వేసికొని వ్రాసెదము. వచ్చే ఉగాది ప్రదర్శనకు రెండు వారముల ముందు తెలియజేసినచో, కాగితములు కలములు మేమే తెచ్చుకొని వచ్చెదము.

ఇట్లు,
మీ ప్రదర్శనలకు తప్పక వచ్చెడి ఒక ప్రేక్షకుడు
ఎడిసన్, న్యూజెర్సీ